ఆట చూడని యాత్ర

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షికి సెలవుదినములలో వచ్చువారి సంఖ్య తక్కువ కాదు. బెంగుళూరునుండి ఉదయమున బయలుదేరినవారు మధ్యాహ్నమునకు ముందే నందిని చూచి, వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రమును లాగి, ఏడు పడగల నాగలింగము ముందు ఛాయాచిత్రము తీయించుకొని, వెలుపల కొబ్బరినీరు త్రాగి, చీకటి పడకమునుపే ఇల్లు చేరుకొనుచున్నారు. పాఠశాలల విహారయాత్రలును ఇట్లే సాగుచున్నవి. బస్సు నిలిచినచోట విద్యార్థులు దిగుదురు. ఉపాధ్యాయుడు తలలు లెక్కించును. మార్గదర్శి చెప్పిన రెండు కథలు అందరును విందురు. మరల తలలు లెక్కించి బస్సు ఎక్కించుదురు. మరునాడు తరగతిలో వ్రాయు వ్యాసమున నంది పొడవెంత, ఎత్తెంత అను అంకెలు తప్పక ఉండును. చూచినదేమి అను ప్రశ్నకు మాత్రము సమాధానము దొరకదు.

దీనికి విద్యార్థులను తప్పుపట్టుట న్యాయము కాదు. పల్లెసీమకు వచ్చిన అతిథికి ఏమి చూపవలెనను విషయమున పెద్దలకే ఒక నిశ్చయము లేకపోయినది. రాతిలో నిలిచినది చూపుట సులభము. అది ఎచటికిని పోదు. ఏ గంటకు పోయినను అచటనే ఉండును. దానికి ఆకలి లేదు. మనుష్యుల గొంతులోను, చేతులలోను ఉన్న కళను చూపుట కష్టము. దానికి ఒక వేళ కావలెను, ఒక సభ కావలెను, ఆడువానికి కూలి కావలెను. అందుచేత సులభమైన దానిని చూపి, కష్టమైన దానిని విడిచిపెట్టుట వాడుక అయినది. ఈ వాడుక వలన కలుగుచున్న నష్టమెట్టిదో తెలిసికొనుటకు లేపాక్షియు, ఆ సీమలోనే ధర్మవరమునకు సమీపమున నున్న నిమ్మలకుంటయు చక్కని ఉదాహరణములు. ఈ రెండు ఊళ్ళును 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలవరకు అనంతపురము జిల్లాలో నుండినవి. నాటినుండి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందినవి.

లేపాక్షి దేవాలయము విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529కిని 1542కిని నడుమ, పెనుకొండలో కోశాధికారిగా నుండిన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు కట్టించినది. తాబేటి వీపువలె ఉబ్బియున్న రాతిగుట్టపై వెలసినందున ఆ స్థలమునకు కూర్మశైలమను పేరు వచ్చినది. నాట్యమండపమున స్తంభములన్నియు ఒక కచేరీకి కూడినట్లుండును. రంభ నర్తించుచుండును, బ్రహ్మ మద్దెల వాయించుచుండును, తుంబురుడు వీణ పట్టియుండును, మూడు కాళ్ళ భృంగి అడుగు వేయుచుండును. దేవాలయమునకు కొంత దూరమున నున్న నంది ఒకే రాతిలో చెక్కినది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు కలది. మెడలోని గంటలను, పేరులను చూచినవారికి అది బండరాయి అను తలంపే కలుగదు. 2022లో ఈ దేవాలయమును, నందిని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక జాబితాలో చేర్చిరి.

అయినను లేపాక్షికి పోయినవారిలో పలువురు తల యెత్తి చూడరు. ఆ దేవాలయమునకు సాటిలేని ప్రతిష్ఠ తెచ్చినవి పైకప్పుమీది చిత్రములు. పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, శ్రీరామపట్టాభిషేకము, దూడ మరణమునకు కన్నకొడుకునే శిక్షించిన మనునీతి చోళుని కథ మొదలైనవి పొడవైన పట్టీలుగా చిత్రింపబడియున్నవి. వీరభద్రుని చిత్రము ఒక్కటియే సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు కలది. దాని పాదములకడ విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు చేతులు జోడించి నిలిచియున్నారు. ఎఱ్ఱని భూమికపై పసుపు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ వన్నెలతో నిలిచిన ఆ స్త్రీపురుషులను చూచినచో నాటి జనుల వేషమెట్టిదో తెలియును. పురుషుల తలలపై పొడవైన కుళ్ళాయిలున్నవి. స్త్రీల చీరలలో ఒకదాని అంచు వేరొకదాని అంచువలె నుండదు. చరిత్ర పాఠమున ఒక వాక్యముతో ముగియు విషయము అచట ఒక నిలువెత్తు మనుష్యునివలె కనిపించును.

ఆ చిత్రములలోని ముఖములను ఇంకొక తూరి చూడవలెను. చాలవరకు ప్రక్కకు తిరిగిన ముఖములే. ముక్కు కొనదేరియుండును. కన్ను పెద్దదై, చెంప గీతను దాటుచున్నదా అనునట్లుండును. నడుము సన్నము, నగలు దట్టము, వ్రేళ్ళు ఏదో మాట చెప్పుచున్నట్లు విరిసియుండును. ఆ ముఖములనే, ఆ కన్నులనే ఈ సీమలోని పల్లెటూళ్ళ ప్రజలు తరతరములుగా వేరొకచోట చూచియున్నారు. ఆముదపు దీపముల వెలుగులో, తెల్లని తెరమీద, తోలుబొమ్మలాటలో చూచియున్నారు. దేవాలయపు చిత్రకారుడు బొమ్మలాటవానిని చూచి నేర్చెనో, బొమ్మలాటవాడు చిత్రకారుని చూచి నేర్చెనో తేల్చుట పండితుల పని. ఒకే సీమ, ఒకే పురాణకథలు, ఒకే చూపు రెండింటిని పెంచినవని చెప్పుటకు కన్నులున్నవాడు చాలును. లేపాక్షి పైకప్పున ఆ కథ నిశ్శబ్దముగా నిలిచియున్నది. తెరమీద అది నడచును, మాటాడును, పాడును, పోరాడును.

తోలుబొమ్మలాట తెలుగువారికి నిన్నటిది కాదు. 13వ శతాబ్దివాడని చెప్పబడు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటలను పేర్కొనియున్నాడు. ఆటగాండ్రు రంగనాథ రామాయణమునందలి ద్విపదలను ఆధారముగా గొని, వచనమును, పద్యమును, ఛలోక్తిని తామే చేర్చుకొని రాత్రులు నడిపించెడివారు. వారిలో పలువురి పూర్వులు మరాఠా దేశమునుండి వచ్చినవారు. ఇంట మరాఠీ మాటాడుకొను కుటుంబములు తెరవెనుక నిలిచి తెలుగు పద్యమును రాగమెత్తి పాడుట ఈ కళలోని విశేషములలో నొకటి. ఒక భాషను ప్రేమించుటకు ఆ భాషలో పుట్టుట అవసరము కాదని తెలుపుటకు ఇంతకంటె మంచి పాఠము తరగతిగదిలో దొరకదు.

నిమ్మలకుంటలో నేటికిని ఈ బొమ్మలు తయారగుచున్నవి. మేకతోలును నానబెట్టి, రోమము తీసి, గీకి, సాగదీసి ఎండబెట్టుదురు. అది పలుచనై వెలుతురును తనగుండా పోనిచ్చును. దానిమీద రూపమును గీసి, కత్తిరించి, చిన్న ఉలులతో చుక్కలు చుక్కలుగా రంధ్రములు పొడుతురు. తెరవెనుక దీపము వెలిగినప్పుడు ఆ రంధ్రములే కిరీటములోని రత్నములు, మెడలోని ముత్యములు అగును. రంగును రెండు ప్రక్కలను పూయుదురు. భుజము, మోచేయి, మోకాలు మొదలగు కీళ్ళను విడివిడిగా చేసి దారముతో ముడివేయుదురు. నడుమ చీల్చిన వెదురుబద్దను బిగించుదురు. ఆంధ్రదేశపు బొమ్మలు చిన్నవి కావు. మనుష్యుని యెత్తున కూడ ఉండును. అట్టి బొమ్మను ఒక చేత పట్టుకొని, వేరొక చేత దాని చేతులను కదల్చుచు, నోట పద్యము పాడుచు, కాలిక్రింది చెక్కపలకను తొక్కి యుద్ధధ్వని పుట్టించుట ఒక్క మనుష్యుడు చేయవలసిన పని. భార్య సీతకు గొంతు ఇచ్చును. కుమారుడు మద్దెల వాయించును. ముసలితండ్రి తాళము వేయుచు, మరచిన పాదమును అందించును. ఇది ఒక కుటుంబము మొత్తము కలసి నడుపు నాటకశాల.

ఆ నాటకశాలకు తెరముందు కూర్చున్నవారును భాగస్వాములే. రాముడెవరో, రావణుడెవరో వారికి ముందే తెలియును. అందుచేతనే ఆటగాడు కథను ఎచట నిలుపునో, ఎచట మలుపునో అని ఎదురుచూతురు. యుద్ధము నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూకివచ్చి ఆ ఊరి కరణమును, ఆ ఏటి కరవును, అత్తాకోడళ్ళ తగవును ఎత్తిపొడిచినప్పుడు నవ్వవలసినవారు ఆ ఊరివారే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రము పడు ఈ సీమలో, వాన రానప్పుడు ఆట ఆడించుట కూడ ఒక ఆచారముగా నుండినది. విరాటపర్వము ఆడించిన వాన కురియునను నమ్మకము సత్యమా అని అడుగువారు అడుగవచ్చును. చేలు ఎండి, మనసులు కుంగిన వేళ ఊరివారందరు ఒకచోట చేరి తెల్లవారువరకు ఒక కథను విని నవ్వి యేడ్చుట వలన కలుగు ధైర్యము మాత్రము సత్యమే.

ఈ ఆట నేడు అరుదైనది. చలనచిత్రము వచ్చినది, తరువాత టెలివిజను ఇంటింటికి వచ్చినది, నేడు చేతిలోని ఫోనే తెర అయినది. ఊళ్ళలో పిలుచువారు లేక ఆటగాండ్రు బొమ్మల పెట్టెలు మూసిరి. ఆ దశలో వారిని ఆకలినుండి కాపాడినవి ల్యాంపుషేడ్లు అను దీపపు తొడుగులు. తోలుపై బొమ్మ గీసి, చుట్టి, లోపల దీపము పెట్టినచో నగరవాసుల గదులకు అందమిచ్చును. గోడకు తగిలించు పటములు, తలుపు తోరణములు కూడ అదే తోలుతో చేయుచున్నారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి భారత ప్రభుత్వము 2020లో పద్మశ్రీ ప్రకటించినది. ఇవి సంతోషింపదగినవి. దీపపు తొడుగును చూచి కళ చెడిపోయినదని పెదవి విరుచుట, కడుపు నిండినవారు మాత్రమే చేయగల విమర్శ. ఆ తొడుగుల వలననే పొయ్యి వెలిగినది. ఉలి పట్టు నేర్పు కుమారునకు, కుమార్తెకు అందినది.

అయినను ఒక సత్యమును దాచిపెట్టుట మేలు కాదు. దీపపు తొడుగు చేతిని కాపాడినది, గొంతును కాపాడలేదు. బొమ్మను చెక్కుట నేర్చిన పిల్లవానికి ఆ బొమ్మ పాడు పద్యము తెలియవలసిన అవసరము లేకపోయినది. హనుమంతుని తోకను ఎంత అందముగా మలచిన వెల పలుకునో అతనికి తెలియును. లంకలో హనుమంతుడు సీతను ఏ మాటతో పలుకరించెనో తెలియక పోవచ్చును. చేయియు, గొంతును వేరుపడిననాడు మిగులునది వస్తువు. ఆ వస్తువును యంత్రముతో కూడ చేయవచ్చును. ముసలితండ్రి అందించు పాదము గ్రంథములో ముద్రితమైనది కాదు. ఆయన వెంటనే అదియు పోవును. లేపాక్షి చిత్రములలో పెచ్చు రాలిన చోటును చూచి అందరును అయ్యో అందురు. గొంతులోనుండి రాలిపోవుచున్న పెచ్చు ఎవరికిని కనబడదు.

ఆట బ్రతుకవలెనన్న ఆడువాడుండిన చాలదు; చూచువాడు కావలెను. యాత్రికునకు విద్యార్థికిగల భేదమిచటనే ఉన్నది. దూరదేశమునుండి వచ్చిన యాత్రికుడు పది నిమిషముల నమూనా చూచి చప్పట్లు కొట్టి పోవును. అతనికొరకు హనుమంతుడు సినిమా బాణీకి గంతులు వేయవలసి వచ్చును. ఆ గంతులకు డబ్బు రావచ్చును. కాని కథ తెలిసినవాని యెదురుచూపు రాదు. ఆ సీమలోని బడిపిల్లలు చూచువారైనప్పుడు ఆటగాడు ద్విపద పాడవలసియుండును. తప్పిన చోట అడుగువారుందురు. కేతిగాని ఛలోక్తికి నవ్వువారుందురు. కావున పల్లెకళకు మొదటి అతిథి పొరుగూరి పాఠశాల కావలెను. సొంత ఊరివారు కూర్చుండి చూచు ఆట దగ్గర యాత్రికునకును ఒక చోటు దొరకును. అపుడతడు చూచునది నిజమైన ఆట యగును. సొంతవారు విడిచిపెట్టిన కళను పరులకు చూపబోయినచో, వారికి కనిపించునది ప్రదర్శనశాలలోని వస్తువే.

దీనికి ప్రధానోపాధ్యాయులు చెప్పు ఇబ్బందులు లేకపోలేదు. పిల్లలను రాత్రివేళ బయట నిలుపుట కష్టము, తల్లిదండ్రుల అనుమతి కావలెను, పరీక్షలు దగ్గరపడును, ధనము చాలదు. ఈ మాటలు త్రోసివేయదగినవి కావు. అయితే తెల్లవారువరకు ఆట చూడవలెనను నియమము లేదు. బృందమును పాఠశాలకే పిలిపించవచ్చును. సాయంకాలము చీకటి పడిన తరువాత పాఠశాల ఆవరణలో రెండు గంటల ఆట చాలును. సుందరకాండమునుండి ఒక ఘట్టమును ఎన్నుకొని, దానిని మొదలునుండి తుదివరకు, పద్యముతో, హాస్యముతో నడిపించుమని అడుగవలెను. తల్లిదండ్రులను, ఊరివారిని కూడ పిలువవలెను. విహారయాత్రకు వసూలుచేయు సొమ్ములో కొంతభాగమును ముందే ప్రత్యేకించి, ఆటగాండ్రకు రాకపోకల ఖర్చును, గౌరవమైన వేతనమును ఇయ్యవలెను. చిల్లర దండి చేతిలో పెట్టుట గౌరవము కాదు.

ఆటకు ముందు తెలుగు ఉపాధ్యాయుడు ఆ ఘట్టమును చెప్పి, ద్విపద నడకను నోట పలికించవలెను. చిత్రలేఖనపు ఉపాధ్యాయుడు లేపాక్షి చిత్రమునకును తోలుబొమ్మకును గల పోలికలను గీయించవలెను. విజ్ఞానశాస్త్రము చెప్పువారికి నీడ ఎట్లు పెద్దదగును, ఎట్లు చిన్నదగును అను పాఠము తెరవెనుకనే సిద్ధముగా నున్నది. ఆట ముగిసిన తరువాత పిల్లలను తెరవెనుకకు పంపి, బొమ్మను ముట్టనీయవలెను. ఆటగాని అనుమతితో అతడు పాడినదానిని వ్రాసికొననీయవలెను. ఒక తరగతి ఒక ఘట్టమును వ్రాసికొన్నను, రాలిపోవుచున్న పెచ్చులో ఒక ముక్క నిలిచినట్లే.

లేపాక్షి యాత్రను మానవలెనని దీని భావము కాదు. ఆ యాత్రకు ఇంకొంత సిద్ధపడి పోవలెను. జటాయువును రాముడు లే పక్షీ అని పిలిచెనను కథను, రాజధనమును దుర్వినియోగము చేసెనను నిందకు గురియైన విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెనను కథను మార్గదర్శి తప్పక చెప్పును. వానిని విని నవ్వివేయుటయు తగదు, చరిత్రగా వ్రాసికొనుటయు తగదు. శాసనము చెప్పునది ఏది, జనుల నోట పెరిగినది ఏది అని వేరుచేసి చూచుట నేర్పిన ఉపాధ్యాయుడు ఆ దినమున పెద్ద పాఠము చెప్పినవాడగును. అంతేకాదు, ప్రజాధనమునకు లెక్క చెప్పవలెనను న్యాయబుద్ధియు, నిర్దోషి శిక్షింపబడెనను జాలియు ఒకే కథలో ఎట్లు కలసినవో విద్యార్థులు ఆలోచింపవచ్చును.

కళ వాడుకలో నున్నంతకాలమే జీవించుననుటకు సాక్ష్యము ఆ దారిలోనే కలదు. లేపాక్షిలోని లతామండపపు స్తంభములమీద చెక్కిన పూవులు, తీగలు, హంసలు చీరల అంచులకు ఎక్కినవి. ధర్మవరపు పట్టుచీరను కట్టుకొన్న పెండ్లికూతురు ఆ స్తంభమును ఎన్నడును చూడకపోవచ్చును. అయినను నాలుగువందల యేండ్లకు పైబడిన ఒక తీగ ఆమె పాదములకడ కదలుచున్నది. మగ్గము నడుచుచున్నంత కాలము ఆ తీగకు వాడుట లేదు. మరమగ్గముల పోటీలో చేనేతవాని బ్రతుకు దినదినగండమైనను, పెండ్లికి చీర కొనువారుండుట వలన ఆ కళ నిలిచియున్నది. చీరకు కట్టుకొనువారెట్లో, ఆటకు చూచువారట్లు.

లేపాక్షి దేవాలయపు నైఋతి దిక్కున, కప్పు లేని కల్యాణమండపము స్తంభములతో మాత్రము నిలిచియున్నది. దానిని పూర్తిచేయుట ఎవరి తరమును కాదు; అట్లే నిలుపుట పురాతత్త్వశాఖ కర్తవ్యము. నిమ్మలకుంటలో సగము నిలిచిన కళ అట్టిది కాదు. బొమ్మలున్నవి, ఉలులున్నవి, పద్యము తెలిసిన పెద్దలింకను కొందరున్నారు. లేనిది తెరముందు కూర్చుండువారు మాత్రమే. ఈ విద్యాసంవత్సరమున విహారయాత్ర పట్టికను సిద్ధము చేయు ఉపాధ్యాయులు ఆ పట్టికలో ఒక సాయంకాలమును తోలుబొమ్మలాటకు విడిచిపెట్టుదురు గాక! ఆ సాయంకాలము తెరవెనుక దీపము వెలిగి, మద్దెల మ్రోగి, వెనుక వరుసలోని పిల్లవాడు ముందువాని భుజముమీదుగా మెడ చాచి చూచినచో, ఆ యాత్ర సఫలమైనట్లే.